మీట నొక్కే ఎలుక మెదడులో ఏం జరుగుతోంది? మత్తు, డోపమైన్, మానలేకపోవడం

ఈ మధ్య అమలాపురం నుంచి భీమవరం దాకా ఎక్కడ నలుగురు తల్లిదండ్రులు కలిసినా గంజాయి ప్రస్తావన రాకుండా ఉండటం లేదు. మన్యం నుంచి కిందికి దిగుతున్న సరుకు పట్టుకున్నారన్న వార్త ఒకటి, ఫలానావాళ్ల అబ్బాయి కాలేజీకి వెళ్లడం మానేశాడన్న మాట ఒకటి, వెనకాలే వాట్సాప్‌లో ఒక వీడియో. "డోపమైన్ అంటే సుఖాన్నిచ్చే రసాయనం, మత్తు దాన్ని ఒక్కసారిగా పెంచేస్తుంది, అందుకే మనిషి బానిసవుతాడు, ఎలుకల మీద ఎప్పుడో నిరూపించారు" అని నిమిషంలో తేల్చేసే వీడియో. నేను ఫార్మసీ విద్యార్థులకి ఫార్మకాలజీ చెబుతాను కాబట్టి ఇది నిజమేనా అని క్లాసులోనూ అడుగుతారు, పెళ్లి భోజనాల దగ్గరా అడుగుతారు. అందులో కొంత నిజం ఉంది. డోపమైన్ పెరగడం నిజం. డోపమైన్ అంటే సుఖమే అన్న మాటని మాత్రం ఈ రంగంలో ఎక్కువమంది వదిలేసి చాలా ఏళ్లయింది. ఇక ఎలుకల మీద తేలినవి చాలా ఉన్నాయి, వాటిలో కొన్ని ఒకదానికొకటి పొసగనట్టు కూడా కనిపిస్తాయి.

ఇదంతా విడమర్చి రాయడానికి నాకున్న కారణం ఒకటే. డోపమైన్ అంటే సుఖం అని నమ్మిన ఇంట్లో "వాడు ఆ సుఖం మరిగాడు, అందుకే మానడు" అన్న తీర్పు ముందే పడిపోతుంది. ప్రయోగశాలలో కనబడ్డది అది కాదు. సుఖం తరిగిపోతున్నా వెంపర్లాట పెరుగుతూ పోగలదని జంతువులు చూపించాయి, ఆ రెండూ మెదడులో చాలావరకు వేర్వేరు ఏర్పాట్లని కూడా చూపించాయి.

పునర్బలనం అంటే ఏమిటి, ఎలుకలో దాన్ని ఎలా కొలుస్తారు

డీఎస్సీకి చదివినవాళ్లకి స్కిన్నర్ పెట్టె బాగా గుర్తుంటుంది. ఎలుక మీట నొక్కితే మేత గుళిక పడుతుంది, ఎలుక మళ్లీ నొక్కుతుంది. ఒక పనికి వచ్చిన ఫలితం వల్ల ఆ పని మళ్లీ చేయడం పెరిగితే అది పునర్బలనం. ఈ నిర్వచనంలో ఎలుకకి ఏమనిపించింది అన్న ప్రశ్నే లేదు, నొక్కడం పెరిగిందా లేదా అన్నదొక్కటే చూస్తారు. మంచిదేదో వచ్చి చేరడం వల్ల పని పెరిగితే ధనాత్మక పునర్బలనం, ఉన్న బాధ పోవడం వల్ల పెరిగితే రుణాత్మక పునర్బలనం. పొద్దున్నే చేతులు వణుకుతున్న మనిషి ఒక పెగ్గు వేయగానే వణుకు ఆగిందనుకోండి, మర్నాడు కూడా పొద్దున్నే సీసా వైపు చెయ్యి వెళ్లడం రెండో రకం. దీన్ని శిక్షతో కలిపేసి పరీక్షలో మార్కులు పోగొట్టుకునేవాళ్లు ఏటా ఉంటారు. శిక్ష పనిని తగ్గిస్తుంది, ఇది పెంచుతుంది.

రివార్డ్ అన్నది ఇంతకంటే వదులైన మాట. నచ్చడం, కావాలనిపించడం, దాని గురించి నేర్చుకోవడం, ఈ మూడూ కలిపి ఒకే పేరుతో పిలుస్తుంటాం. గందరగోళం సగం ఇక్కడే పుడుతుంది.

మత్తు విషయంలో కొలతలు ఇలా ఉంటాయి. ఎలుక సిరలోకి సన్నటి గొట్టం అమర్చి, మీట నొక్కినప్పుడల్లా కొంత మందు రక్తంలోకి వెళ్లేట్టు చేస్తారు. జేమ్స్ వీక్స్ అనే ఆయన 1962లో ఎలుకల్లో మార్ఫిన్‌తో ఈ పద్ధతి ప్రచురించాక ఇదే ఈ రంగానికి ప్రధానమైన పరీక్ష అయింది. ఎలుక ఎంత గట్టిగా కోరుతోందో తెలియాలంటే ధర పెంచుకుంటూ పోతారు: ముందు ఒకసారి నొక్కితే వస్తుంది, తర్వాత రెండుసార్లు, తర్వాత నాలుగు, అలా వందల దాకా. ఎక్కడ విసిగి ఆపేస్తుందో అదే దాని కోరికకి కొలత. ఇంకో పద్ధతిలో రెండు గదులుంటాయి, ఒకదానిలో మందు ఇస్తారు, రెండోదానిలో ఉప్పునీరు ఎక్కిస్తారు, కొన్నాళ్లకి మందు ఏమీ లేని రోజున వదిలేస్తే ఏ గదిలో ఎక్కువసేపు గడుపుతుందో చూస్తారు. అన్నట్టు, మన ఫార్మసీ డిగ్రీ ల్యాబుల్లో ఇలాంటి పాఠాలు ఇప్పుడు సాఫ్ట్‌వేర్ మీదా వీడియోల్లోనే నడుస్తాయి. పరిశోధనకి జంతువుల్ని వాడాలంటే మన దేశంలో 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద ఉన్న కమిటీ నిబంధనల ప్రకారం ముందు అనుమతి తీసుకోవాలి. అది అలాగే ఉండాలని నా అభిప్రాయం.

1954లో మాంట్రియల్‌లో దొరికిన చోటు

కెనడాలో మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ ఎలుక మెదడులో సన్నటి తీగ దించి స్వల్పంగా కరెంటు ఇచ్చి చూస్తున్నారు. తీగ వాళ్లు అనుకున్న చోట కాకుండా వేరే చోటికి చేరింది. బల్ల మీద ఏ మూల ఉన్నప్పుడు కరెంటు ఇచ్చారో ఎలుక మళ్లీ మళ్లీ ఆ మూలకే వస్తోంది. సరే, కరెంటు మీట దాని చేతికే ఇద్దామని ఇస్తే అదే నొక్కుకోవడం మొదలుపెట్టింది. ఆ తర్వాతి ప్రయోగాల్లో కొన్ని ఎలుకలు గంటకు వేలసార్లు నొక్కాయి.

జనం దీన్ని "సుఖ కేంద్రం దొరికింది" అని చదువుకున్నారు. ఆ చోట్లలో చాలావాటి గుండా పోయే నరాల కట్ట డోపమైన్ దారికి సంబంధించినదని తర్వాత తేలింది. డోపమైన్ స్వతంత్రంగా సందేశాలు మోసే రసాయనమని స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ 1950ల చివర్లో చూపించారు, దానికి 2000లో నోబెల్ వచ్చింది. ఈ రెండూ కలిశాక డోపమైన్ అంటే సుఖం అన్న సమీకరణం పత్రికల్లోకి ఎక్కింది, ఇప్పటికీ దిగలేదు.

ఒక్కో మత్తు డోపమైన్‌ని ఎక్కడ పట్టుకుంటుంది

నడిమి మెదడులో వీటీఏ అనే చిన్న ప్రాంతం ఉంది. అక్కడి డోపమైన్ కణాలు తమ పోగుల్ని ముందు వైపు న్యూక్లియస్ అక్యుంబెన్స్ అనే చోటికి పంపుతాయి. పోగు చివర డోపమైన్ విడుదలై పక్క కణం మీదున్న గ్రాహకాల్ని (రిసెప్టర్లని) తాకుతుంది, పని అయ్యాక ట్రాన్స్‌పోర్టర్ అనే ప్రోటీన్ దాన్ని తిరిగి లోపలికి లాగేస్తుంది.

మన డెల్టాలో పొలం తెలిసినవాళ్లకి ఇది సులువుగా ఎక్కుతుంది. తూము గుండా కాలువ నీరు మడిలోకి వస్తుంది, ఎక్కువైంది మురుగు కాలువలోకి పోతుంది, తూము షట్టరు ఎంత ఎత్తాలో లస్కరు చూసుకుంటాడు. కొకైన్ చేసేది మురుగు కాలువకి అడ్డంకట్ట వేయడం: ట్రాన్స్‌పోర్టర్‌ని మూసేస్తుంది, వచ్చిన డోపమైన్ వచ్చినట్టే నిలబడిపోతుంది. ఆంఫెటమైన్, మెథాంఫెటమైన్‌లది ఇంకా ఘోరం, వర్షాకాలంలో డ్రెయిను ఎగదన్నినట్టు ఆ ట్రాన్స్‌పోర్టర్ వెనక్కి నడిచి లోపలున్న డోపమైన్‌ని కూడా బయటికి తోడేస్తుంది. మార్ఫిన్, హెరాయిన్ లాంటివి లస్కరుని నిద్రపుచ్చుతాయి. వీటీఏలో డోపమైన్ కణాల్ని అదిమి ఉంచే గాబా కణాలు ఉంటాయి, నల్లమందు జాతి మందులు ఆ గాబా కణాల్ని నోరు మూయిస్తాయని, దాంతో డోపమైన్ కణాలు అదుపు తప్పి పనిచేస్తాయని జాన్సన్, నార్త్ 1992లో చూపించారు. దుర్వినియోగం అవుతున్న ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు కూడా కొంతవరకు ఇదే దారిలో పనిచేస్తాయి.

నికోటిన్ నేరుగా డోపమైన్ కణం మీదున్న గ్రాహకాన్నే పట్టుకుంటుంది. ఆ గ్రాహకంలో బీటా2 అనే భాగం లేకుండా పుట్టించిన చిట్టెలుకలు నికోటిన్ కోసం పనిచేయడం కొనసాగించలేదని 1998లో తేలింది. మన గోదావరి లంకల పొగాకుతో చుట్టిన చుట్టలోనూ, పాన్‌షాపు ఖైనీలోనూ, సిగరెట్‌లోనూ ఉన్నది ఆ నికోటినే. సారాయి, కల్లు, బ్రాందీల్లోని ఆల్కహాల్‌ది ఒక చోటని చెప్పలేం: కణాల్ని అదిమే గాబా పనిని పెంచుతుంది, కణాల్ని ఉత్తేజపరిచే గ్లుటమేట్ పనిని తగ్గిస్తుంది, మెదడు తనంతట తాను తయారుచేసుకునే నల్లమందు లాంటి రసాయనం ఎండార్ఫిన్‌ని వదిలిస్తుంది. తాగుడు తగ్గించడానికి డాక్టర్లు ఇచ్చే నాల్‌ట్రెక్సోన్ మాత్ర అడ్డుపడేది ఆ ఎండార్ఫిన్ దారికే.

ఇన్ని రకాల తాళాలున్నా తలుపు ఒకటే అన్న ఆలోచనకి బలమిచ్చింది ఇటలీలో కాల్యారీ నుంచి వచ్చిన పని. దీ కియారా, ఇంపెరాటో అనే ఇద్దరు స్వేచ్ఛగా తిరుగుతున్న ఎలుకల మెదడు ద్రవాన్ని సన్నటి గొట్టంతో కొద్దికొద్దిగా తీసి కొలిచి, మనుషులు అలవాటు పడే మందులన్నీ, అంటే కొకైన్, ఆంఫెటమైన్, మార్ఫిన్ జాతి, నికోటిన్, ఆల్కహాల్, అక్యుంబెన్స్‌లో డోపమైన్‌ని పెంచుతున్నాయని 1988లో ప్రచురించారు. అలవాటుపడని మందులు అలా పెంచలేదు. ఎంత పెంచుతాయన్నది మందుని బట్టి చాలా మారుతుంది. ఎంత త్వరగా పెంచుతాయన్నది ఇంకా ముఖ్యం. అదే మందు మింగినప్పటికంటే పొగగా పీల్చినప్పుడు, సిరలోకి ఎక్కించినప్పుడు సెకన్లలో మెదడుకి చేరుతుంది, అలవాటు పట్టు కూడా దానికి తగ్గట్టే బిగుస్తుంది.

ఈ ఏకాభిప్రాయానికి ఒక మినహాయింపు ఉంది, దాన్ని దాటేయకూడదు. డోపమైన్ తయారుచేసుకోలేని చిట్టెలుకలు కూడా మార్ఫిన్ ఇచ్చిన గదిని ఇష్టపడ్డాయని 2005లో తేలింది. అంటే నల్లమందు జాతి విషయంలో డోపమైన్ లేకుండా నడిచే దారి కూడా ఉందన్నమాట.

నచ్చడం ఒకటి, కావాలనిపించడం ఇంకొకటి

1970ల చివర్లో రాయ్ వైజ్ ఒక చక్కటి వాదన పెట్టారు. డోపమైన్‌ని అడ్డుకునే మందు ఇస్తే, తిండి కోసం మీట నొక్కే ఎలుక క్రమంగా నొక్కడం మానేస్తుంది, తిండి రావడం ఆగిపోతే ఎలా మానేస్తుందో అలాగే. కాబట్టి డోపమైన్ లేకపోతే తిండిలో రుచి పోయిందని ఆయన అర్థం చేసుకున్నారు. అప్పటికి అది సమంజసమైన అర్థమే.

మిషిగన్‌లో కెంట్ బెర్రిడ్జ్ దీన్ని వేరే కోణంలో చూశారు. నోట్లో తీపి పడితే ఎలుక పెదవులు నాక్కుంటుంది, చేదు పడితే నోరు తెరిచి తల విదిలిస్తుంది, చంటిపిల్లల ముఖంలో కనిపించేవే ఇవి. డోపమైన్ దాదాపు పూర్తిగా పోయేట్టు చేసిన ఎలుకలు ఎదురుగా తిండి ఉన్నా తినవు, గొట్టంతో పెట్టకపోతే ఆకలితో చచ్చిపోతాయి. అలాంటి ఎలుక నోట్లో చక్కెర నీళ్లు పోస్తే అది ఎప్పట్లాగే పెదవులు నాక్కుంది. రుచి ఉంది, నచ్చడం ఉంది, లేచి వెళ్లి తెచ్చుకోవాలన్న తహతహ లేదు. దీనికి తిరగేసి, డోపమైన్ ఎక్కువగా నిలిచి ఉండేలా పుట్టించిన చిట్టెలుకలు తీపి కోసం ఎక్కువ పరుగెత్తాయి కానీ వాటి ముఖంలో ఇష్టం పెరగలేదు. నచ్చడాన్ని పెంచేవి అక్యుంబెన్స్ లోపల చాలా చిన్న చోట్లు, ఎలుకలో సుమారు ఒక ఘనపు మిల్లీమీటరు ఉండేవి, అక్కడ పనిచేసేది ముఖ్యంగా మెదడు సొంత నల్లమందు లాంటి రసాయనాలు.

దీన్నుంచి టెర్రీ రాబిన్సన్, బెర్రిడ్జ్ 1993లో ఒక సిద్ధాంతం చెప్పారు. మత్తు పదేపదే తీసుకుంటే కావాలనిపించే వ్యవస్థ మరీ సున్నితమవుతుంది, నచ్చే వ్యవస్థ అలా అవదు, కొన్నిసార్లు తగ్గుతుంది. "ఇది తాగితే నాకేం బాగోట్లేదు, అయినా ఆ సందు దాటి వెళ్లలేకపోతున్నాను" అనే మనిషి అబద్ధం ఆడట్లేదని, ఆ మాటకి మెదడులో చోటుందని దీని అర్థం. మా పక్క ఇళ్లల్లో ఈ మాట చెప్పే కుర్రాళ్లని ఎవరూ నమ్మరు. నమ్మాలి.

కోతులు, పళ్లరసం, ఒక చిన్న లెక్క

స్విట్జర్లాండ్‌లో వోల్ఫ్‌రామ్ షుల్ట్జ్ కోతుల డోపమైన్ కణాలకి తీగలు పెట్టి విన్నారు. అనుకోకుండా పళ్లరసం చుక్క పడితే కణం గట్టిగా పలికింది. రసానికి ముందు ఒక దీపం వెలగడం అలవాటు చేశాక, పలకడం దీపం దగ్గరికి మారిపోయింది, రసం దగ్గర కణం మామూలుగానే ఉంది. దీపం వెలిగి రసం రాకపోతే, రావలసిన క్షణంలో కణం మామూలు కంటే కిందికి మూగబోయింది. 1997లో షుల్ట్జ్, డయాన్, మాంటేగ్ దీనికి ఒక సూత్రం ఇచ్చారు: డోపమైన్ చెప్పేది వచ్చినదానికీ అనుకున్నదానికీ ఉన్న తేడా.

అంకెలు పెట్టి చూద్దాం. రసం విలువ 10 అనుకోండి. మొదటిసారి ఆశ 0, వచ్చింది 10, తేడా 10. ఆ తేడాలో సగం నేర్చుకుంటుంది అనుకుంటే ఆశ 5 అవుతుంది. రెండోసారి తేడా 5, ఆశ 7.5. మూడోసారి తేడా 2.5, ఆశ 8.75. ఇలా ఆశ 10 దగ్గరికి చేరేకొద్దీ తేడా సున్నాకి వస్తుంది, నేర్చుకోవడం ఆగుతుంది. మామూలు తిండి, మామూలు ఆనందాలు ఇలాగే ఒక చోట స్థిరపడతాయి. ఇప్పుడు మత్తు తీసుకోండి. అది ఆశతో సంబంధం లేకుండా ప్రతిసారీ డోపమైన్‌ని తనే 4 పెంచుతుంది అనుకుందాం. ఆశ 10కి చేరినా తేడా 4 మిగులుతుంది, ఆశ 12 అవుతుంది, మళ్లీ 4, ఆశ 14, మళ్లీ 16. వచ్చేది పెరగకపోయినా దాని విలువ మెదడులో పెరుగుతూనే ఉంటుంది. డేవిడ్ రెడిష్ 2004లో కంప్యూటర్ నమూనాగా ఇచ్చిన ఆలోచన సారాంశం ఇదే (అంకెలు నావి).

లెక్క అందంగా ఉంది కదా అని పూర్తిగా నమ్మేయకూడదు. ఈ నమూనా నిజమైతే కొకైన్ విషయంలో ఒక రకమైన నేర్చుకోవడం ఎప్పటికీ ఆగకూడదు. 2007లో ఎలుకల మీద సరిచూస్తే అది ఆగింది, తిండి విషయంలో ఆగినట్టే. కాబట్టి ఇది మొత్తం కథలో ఒక ముక్క మాత్రమే.

షుల్ట్జ్ బృందం 2003లో చూసిన ఇంకో విషయం మన సంక్రాంతి బరుల దగ్గర గుండాట బల్ల చుట్టూ నిలబడే జనానికి అచ్చంగా వర్తిస్తుంది. రసం వస్తుందో రాదో సగం సగం అన్నప్పుడు, దీపానికీ ఫలితానికీ మధ్య ఉన్న ఆ కాస్త వ్యవధిలో డోపమైన్ కణాల పని మెల్లగా పెరుగుతూ పోయింది, ఖాయంగా వస్తుందన్నప్పుడూ, ఖాయంగా రాదన్నప్పుడూ అలా పెరగలేదు. స్కిన్నర్ కూడా ముందే గమనించారు, ఎన్నిసార్లు నొక్కితే వస్తుందో తెలియని మీటని జంతువు వదిలిపెట్టడం చాలా కష్టం. పార్కిన్సన్స్ జబ్బుకి డోపమైన్ గ్రాహకాల్ని పనిచేయించే మాత్రలు వాడేవాళ్లలో కొందరు, జీవితంలో పేక ముట్టనివాళ్లు కూడా, జూదానికి అతుక్కుపోతారు, మందు తగ్గిస్తే చాలామందిలో అది తగ్గుతుంది. మత్తు పదార్థమేదీ ఒంట్లోకి వెళ్లకుండానే ఈ వ్యవస్థ మనిషిని పట్టుకోగలదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

సుఖం కోసం మొదలై బాధ తప్పించుకోవడానికి సాగే దశ

జార్జ్ కూబ్ వంటివారి వాదన వేరే వైపు నుంచి వస్తుంది. వాళ్లు చూసేది మత్తు దిగిన తర్వాతి గంటల్ని. ఓల్డ్స్ పద్ధతిలో మెదడులో తీగ ఉన్న ఎలుకకి కొకైన్ బాగా అందుబాటులో పెట్టి తర్వాత ఆపేస్తే, అంతకుముందు చాలిన కరెంటు ఇప్పుడు చాలదు, మీట నొక్కాలంటే ఇంకా ఎక్కువ కరెంటు కావాలి. అంటే రివార్డ్ వ్యవస్థ మొత్తం నేల కిందికి కుంగింది. డోపమైన్ పని తగ్గుతుంది, డైనార్ఫిన్ అనే రసాయనం పెరుగుతుంది, టెన్షన్‌ని నడిపించే సీఆర్ఎఫ్ అనే రసాయనం, భయాన్నీ ఆందోళననీ చూసుకునే అమిగ్దలా అనే మెదడు భాగంలో చెలరేగుతుంది. ఈ దశలో మీట నొక్కించేది రుణాత్మక పునర్బలనం.

బెర్రిడ్జ్ వర్గం దీనికి చెప్పే జవాబు ఏమిటంటే, ఒంటి బాధలన్నీ తగ్గిపోయిన నెలల తర్వాత కూడా మనుషులు మళ్లీ మొదలుపెడతారు కదా, దానికి బాధ ఒక్కటే కారణం ఎలా అవుతుంది? నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న కూడా ఇదే: "మాస్టారండీ, మావాడు డీ-అడిక్షన్ సెంటర్ నుంచి వచ్చి రెండు నెలలు శుభ్రంగా ఉన్నాడండి, అంతా అయిపోయిందనుకున్నాక మళ్లీ ఎందుకు వెళ్లాడండి?" దీనికి ఎలుకల్లో ఒక గట్టి సమాధానం ఉంది. కొకైన్ అలవాటైన ఎలుకకి మందు ఆపేసి, మందుతోపాటు వెలిగే దీపం చూపిస్తే ఎన్నిసార్లు మీట నొక్కుతుందో 2001లో కొలిచారు. ఆపిన మర్నాటి కంటే నెల తర్వాత ఎక్కువ నొక్కాయి, రెండు నెలల వైపు వెళ్లేకొద్దీ ఆ కోరిక తగ్గకుండా పెరిగింది. గుర్తుచేసే వస్తువు, చోటు, స్నేహితుడు ఎదురుపడ్డప్పుడు లేచే కోరిక కాలంతోపాటు కొన్నాళ్లు ముదురుతుందన్నమాట. మనుషుల్లో కూడా, కొకైన్‌కి అలవాటుపడ్డవాళ్లకి కొకైన్ వాడుతున్న వీడియో చూపిస్తే మందు లేకుండానే మెదడులో డోపమైన్ పెరగడాన్ని నోరా వోల్కో బృందం 2006లో స్కాన్‌లో చూసింది.

చోటుకి ఉన్న బలం ప్రాణాల మీదికి కూడా రాగలదు. 1982లో షెపర్డ్ సీగెల్ బృందం హెరాయిన్‌కి అలవాటుపడ్డ ఎలుకలకి పెద్ద మోతాదు ఇచ్చింది. అలవాటైన గదిలోనే ఇచ్చినవాటిలో 32 శాతం చచ్చిపోయాయి. కొత్త గదిలో అదే మోతాదు ఇస్తే 64 శాతం. ఒళ్లు ఆ గదిని చూసి ముందే సిద్ధమవుతుంది, కొత్త చోట ఆ సిద్ధపాటు ఉండదు.

పంజరంలో వేరే ఏమీ లేకపోతే

ఇక్కడి నుంచి వాదన ఇంకా ముదురుతుంది. 1985లో బోజార్త్, వైజ్ ఎలుకలకి నెల రోజులపాటు హద్దు లేకుండా మందు అందుబాటులో పెట్టారు. కొకైన్ దొరికినవాటిలో 90 శాతం, హెరాయిన్ దొరికినవాటిలో 36 శాతం చచ్చిపోయాయి. మత్తుకి ఎదురులేదనడానికి ఇలాంటివే చూపిస్తారు.

కెనడాలోనే సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయంలో బ్రూస్ అలెగ్జాండర్ 1970ల చివర్లో ఒక మాట అడిగారు: ఒంటరిగా ఇనుప డబ్బాలో పెట్టిన జంతువు ఇంకేం చేస్తుంది? ఆయన విశాలమైన చోటు కట్టి ఆడా మగా ఎలుకల్ని కలిపి వదిలి, చేదు తెలియకుండా తీపి కలిపిన మార్ఫిన్ నీళ్లూ మామూలు నీళ్లూ పెట్టారు. ఒంటరి ఎలుకలు మార్ఫిన్ చాలా ఎక్కువ తాగాయి, కలిసి ఉన్నవి చాలా తక్కువ. ఇంటర్నెట్‌లో ఇది ఇప్పుడు "వ్యసనానికి కారణం ఒంటరితనమే" అన్న నినాదంగా తిరుగుతోంది, అంత బరువు అది మోయలేదు. తర్వాత వేరేవాళ్లు చేసిన కొన్ని ప్రయోగాల్లో అదే ఫలితం రాలేదు, తాగే నీళ్లలో మార్ఫిన్ కొలవడంలోనే చిక్కులున్నాయి.

అయితే అలెగ్జాండర్ అడిగిన ప్రశ్న నిలబడింది. ఫ్రాన్స్‌లో బోర్డోలో సెర్జ్ అహ్మద్ బృందం 2007లో ఎలుకలకి సిరలోకి కొకైన్ కావాలా, తియ్యటి సాకరిన్ నీళ్లు కావాలా అని రెండు మీటలు ఇస్తే 94 శాతం తీపినే ఎంచుకున్నాయి. 2018లో మార్కో వెనిరో, అమెరికాలో బాల్టిమోర్‌లో, హెరాయిన్‌కీ మెథాంఫెటమైన్‌కీ అలవాటుపడ్డ ఎలుకల ముందు ఇంకో మీట పెట్టారు, అది నొక్కితే పక్క గది తలుపు తెరుచుకుని ఇంకో ఎలుకతో కాసేపు ఉండొచ్చు. దాదాపు అన్నీ తోటి ఎలుకనే ఎంచుకున్నాయి. తోడు దొరకడం ఆలస్యమైనా, దానికి శిక్షగా చిన్న షాక్ పెట్టినా మాత్రం కొన్ని తిరిగి మందు వైపు వెళ్లాయి.

అన్ని ఎలుకలూ ఒకటి కావని కూడా తేలింది. 2004లో ఫ్రెంచ్ బృందం కొకైన్ నెలల తరబడి వాడిన ఎలుకల్లో మూడు లక్షణాలు వెతికింది: దొరకదని తెలిసినా నొక్కడం, ధర ఎంత పెంచినా వదలకపోవడం, షాక్ తగిలినా ఆపకపోవడం. మూడూ ఉన్నవి 17 శాతం. అన్నీ దాదాపు ఒకే మొత్తం మందు తీసుకున్న ఎలుకలే. నాకు ఈ ప్రయోగం మిగతా అన్నిటికంటే ముఖ్యం అనిపిస్తుంది, ఎందుకంటే మెదడు రసాయనం అనేవాళ్లకీ పరిసరాలు అనేవాళ్లకీ ఇది ఒకే ప్రశ్న వేస్తుంది: ఒకే పంజరం, ఒకే మందు, అయినా కొన్నే ఎందుకు?

గంజాయి దగ్గరికి వస్తే ఎలుక ఎందుకు సరిగా జవాబు చెప్పదు

మన ఊళ్లలో ప్రశ్న గంజాయి గురించి కాబట్టి ఇది విడిగా చెప్పాలి. గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీ అనే రసాయనం సీబీ1 అనే గ్రాహకాన్ని పట్టుకుంటుంది, ఎలుక అక్యుంబెన్స్‌లో డోపమైన్‌ని పెంచుతుంది కూడా. అయినా కొకైన్ కోసం నొక్కినట్టు టీహెచ్‌సీ కోసం ఎలుకల చేత మీట నొక్కించడం పరిశోధకులకి దశాబ్దాలపాటు కుదరలేదు. ఎక్కువ మోతాదు వాటికి భయం పుట్టిస్తుంది, మత్తు మెల్లగా ఎక్కి మెల్లగా దిగుతుంది. 2000లో టాండా, ముంజార్, గోల్డ్‌బర్గ్ చిన్న చిన్న మోతాదుల్లో స్క్విరెల్ మంకీ అనే కోతులకి ఇచ్చినప్పుడు మాత్రం అవి దానికోసం నిలకడగా మీట నొక్కాయి. మనుషుల్లో టీహెచ్‌సీ పీల్చాక డోపమైన్ పెరుగుదల కొన్ని స్కాన్ అధ్యయనాల్లో కొద్దిగా కనబడింది, కొన్నిటిలో కనబడలేదు.

కాబట్టి "గంజాయి కూడా కొకైన్ లాగే డోపమైన్ పెంచుతుంది, అంతే సంగతి" అనేవాళ్లూ, "ఎలుకలు కూడా ముట్టలేదు, ఇది ఆకు" అనేవాళ్లూ ఇద్దరూ జంతువుల ఫలితాల్ని ఉన్నదానికంటే ఎక్కువ లాగుతున్నారు. మనుషుల లెక్కలే ఇక్కడ ఎక్కువ పనికొస్తాయి. 1994లో ప్రచురితమైన అమెరికా సర్వే ఒకదానిలో, ఎప్పుడైనా వాడినవాళ్లలో బానిసత్వం దాకా వెళ్లినవాళ్లు పొగాకుకి సుమారు 32 శాతం, హెరాయిన్‌కి 23, కొకైన్‌కి 17, ఆల్కహాల్‌కి 15, గంజాయికి 9 అని తేలింది. కొకైన్ దగ్గర మనిషి అంకె, ఇందాక ఫ్రెంచ్ ప్రయోగంలో చూసిన ఎలుక అంకె ఒకటే (17) కావడం యాదృచ్ఛికం, రెండు చోట్లా కొలిచినవి వేర్వేరు. గంజాయి 9 శాతం అన్నది అన్ని వయసులవాళ్లనీ కలిపిన సగటు. ఇంటర్ చదివే వయసులో మొదలుపెట్టినవాళ్లలో అది దాదాపు ఆరుగురిలో ఒకరని ఆ తర్వాతి అంచనాలు చెబుతున్నాయి. ఆ సర్వే నాటి గంజాయి కంటే ఇప్పుడు పలు దేశాల్లో దొరుకుతున్న గంజాయిలో టీహెచ్‌సీ పాలు చాలా ఎక్కువ.